గ్లమ్‌యూ ఎంజైము: తోక పని ముందు, తల పని తర్వాత. ఎందుకిలా?

పసుపు క్యూవెట్:
ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడాది. నా ప్రాజెక్టు ఈ.కోలై గ్లమ్‌యూ మీద. బాక్టీరియా గోడకు కావాల్సిన యూడీపీ-ఎన్-ఎసిటైల్‌గ్లూకోసమీన్ తయారయ్యేది దీని దగ్గరే. 456 అమైనో ఆమ్లాల గొలుసు, పనులు రెండు. తోక భాగం చక్కెరకు ఎసిటైల్ పెడుతుంది, తల భాగం యూటీపీ (యూరిడిన్ ట్రైఫాస్ఫేట్) నుంచి యూరిడిల్ తగిలిస్తుంది. గొలుసులో వెనకున్న తోకే ముందు పనిచెయ్యడం నాకు విచిత్రంగా ఉంది. తోక దగ్గర తయారైన సరుకు లోపల్నుంచే తలకు జారుతుందా?

రెండోది, నా అసలు బాధ. 331 దగ్గర కత్తిరించిన తల ముక్క యూరిడిల్ పని బాగానే చేస్తోంది. పూర్తి ఎంజైముతో ఎసిటైల్ పరీక్ష మాత్రం మూడు వారాలుగా సున్నా. మొదటి నుంచీ క్యూవెట్‌లో డీటీఎన్‌బీ (థయోల్, అంటే సల్ఫర్-హైడ్రోజన్ గుంపు తగిలితే పసుపు రంగు ఇచ్చే రసాయనం) వేసి 412 నానోమీటర్ల దగ్గర చూస్తున్నాను. వచ్చే వారమే సెమినార్, ఒకటే టెన్షన్.

పాత పిపెట్:
ముందు ఆ సున్నా సంగతి చూద్దాం అమ్మా. డీటీఎన్‌బీ కోఎంజైమ్-ఏ (ఎసిటైల్‌ను మోసుకొచ్చే అణువు, దాన్ని ఇచ్చేశాక దీని థయోల్ బయటపడుతుంది) ఒక్కదాన్నే కాదు, ఎంజైము సిస్టీన్లను (థయోల్ ఉన్న అమైనో ఆమ్లాలు) కూడా పట్టుకుంటుంది. థయోళ్లను పట్టే మందులు ఈ ఎసిటైల్ పనిని చంపేస్తాయని 1994లోనే తేలింది. కాబట్టి చర్య జరగనిచ్చి, గ్వానిడీన్‌తో (ప్రోటీన్ మడతలు విప్పేసే రసాయనం) ఆపి, ఆ తర్వాతే డీటీఎన్‌బీ వెయ్యి. అప్పుడు విప్పుకున్న సిస్టీన్లు కూడా రంగు ఇస్తాయి, అందుకని చక్కెర వెయ్యని బ్లాంకు తప్పనిసరి. బఫర్‌లో డీటీటీ (ఇదీ థయోళ్లున్న రసాయనమే) ఉంటే అన్ని క్యూవెట్లూ పసుపే. నా దసరా సెలవులు ఒకసారి ఆ పసుపు చూడ్డంలోనే అయిపోయాయి.

ఇక నిర్మాణం. ఎంజైము ఒకేలాంటి మూడు గొలుసులు కలిసిన జట్టు. తల భాగం రాస్‌మన్ మడతను (న్యూక్లియోటైడ్లను పట్టుకునే ప్రోటీన్లలో తరచూ కనిపించే ఆకారం) పోలి ఉంటుంది. తోక ఎడమకు తిరిగే బీటా మెలిక, మూడు పలకల స్తంభంలా నిలబడుతుంది. యూరిడిల్ గుంట ఎవరి తలలో వాళ్లకే ఉంటుంది, నీ ముక్క పనిచేస్తున్నది అందుకే. ఎసిటైల్ గుంట అలా కాదు. పక్కపక్కన ఉన్న రెండు స్తంభాల మధ్య, మూడో గొలుసు తోక కొస కూడా వచ్చి చేరితేనే అది ఏర్పడుతుంది. మూడు పొయ్యిరాళ్లు ఉంటేనే కుండ నిలబడినట్టు. నీ హిస్‌ట్యాగ్ (ప్రోటీన్ శుద్ధి కోసం తగిలించే హిస్టిడిన్ల వరస) తోక చివర పెట్టావా? పెడితే అదీ నాకు అనుమానమే, తల వైపుకు మార్చి చూడు.

ఆ గుంటలో హిస్టిడిన్ 363 చక్కెర అమీన్ నుంచి ప్రోటాన్ లాగేస్తుంది. అమీన్ నేరుగా ఎసిటైల్-కోఏ మీద పడుతుంది, ఎసిటైల్ మధ్యలో ఎంజైముకు అంటుకోదు. తల దగ్గర ఆస్పార్టేట్ 105, ఆస్పరజీన్ 227 మెగ్నీషియాన్ని పట్టుకుంటాయి. చక్కెర ఫాస్ఫేటు యూటీపీ మొదటి ఫాస్ఫరస్‌ను తాకగానే పైరోఫాస్ఫేట్ ఊడిపోతుంది.

జారడం అంటావా, లేదు. తోక దగ్గర తయారైంది బయటి ద్రావణంలోకి వచ్చేస్తుందని 1996లో చూపించారు. గొలుసులో ముందున్నదే ముందు పనిచెయ్యాలని రూలేమీ లేదు కదా.

మందుల చీటీ:
సెమినార్‌లో ఇదీ చెప్పండి. మన కణాలు గ్లూకోసమీన్-6-ఫాస్ఫేటు మీదే ఎసిటైల్ పెట్టేసి, ఆ తర్వాత ఫాస్ఫేటును ఒకటో స్థానానికి మారుస్తాయి. బాక్టీరియా ముందు ఫాస్ఫేటు మార్చి తర్వాత ఎసిటైల్ పెడుతుంది. మందులవాళ్ల కన్ను తల కంటే తోక మీద ఎక్కువ పడేది ఇందుకే. క్షయ బాక్టీరియా గ్లమ్‌యూలో యూరిడిల్ పనికి రెండు లోహ అయాన్లు కావాలని ఐఐటీ కాన్పూర్ బృందం 2013లో చూపింది, అదీ చదవండి.

పసుపు క్యూవెట్:
అన్నా, గ్వానిడీన్ తర్వాత వేశాను. బ్లాంకు తీసేసినా పసుపు మిగిలింది! తక్కువే, కానీ ఎంజైము రెట్టింపు వేస్తే రంగూ రెట్టింపయింది. ట్యాగ్ తోక చివరే ఉంది. ట్యాగ్ చోటు మార్చడానికి కొత్త ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఆర్డర్ చెయ్యమని మా గైడ్ గారిని ఎలా ఒప్పించాలో కూడా మీరే చెప్పండి.