ఆయనకు సూరత్‌లో కొలువు, పాప తొమ్మిదిలోకి: అందరం పోవాలా, ఆయనొక్కరే పోవాలా?

సిరిసిల్ల ఆడబిడ్డ
అందరికీ నమస్తే. మాది సిరిసిల్ల. మా ఆయన ఇక్కడ ఒక మరమగ్గాల యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తారు. బతుకమ్మ చీరల ఆర్డర్లు ఆగిన కాన్నుంచి పని అంతంతమాత్రమే, జీతం ఏ నెలది ఆ నెల చేతికి రావట్లేదు. ఇప్పుడు సూరత్ పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లు వాళ్లు పిలిచారు. జీతం దాదాపు రెట్టింపు. పాప ఎనిమిది పూర్తి చేసి తొమ్మిదిలోకి వస్తుంది, డాక్టర్ అవుతా అంటుంది. బాబు నాలుగో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది.

ఆయనేమో "అందరం పోదాం, రెండేండ్లు అక్కడుండి ఇంటర్‌కి పాపను తీసుకొచ్చేద్దాం, ఇంటర్ ఇక్కడ చదివితే చాలు గదా" అంటారు. మా తమ్ముడు అసలు ఊరు కదలొద్దంటుండు. అక్కడ బతికినవాళ్లు, సీట్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి.

లింబాయత్ మగ్గం
అక్కా, మేం మా నాయిన కాలంలనే కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చినం. భయపడాల్సింది ఏం లేదు. లింబాయత్, పర్వత్ పాటియా, గోడాదరా ఎటు పోయినా మనోళ్లే. ఇక్కడి మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బళ్లు కూడా నడుపుతది, తెలుసా? మనకు బతుకమ్మ, వాళ్లకు గర్బా, రెండూ దాదాపు ఆ తొమ్మిది రోజులే. సాయంత్రం బతుకమ్మ ఆడి రాత్రికి మా పిల్లలు కర్రలు పట్టుకుని గర్బాకు పోతరు. రావాలన్నా పోవాలన్నా నవజీవన్ ఎక్స్‌ప్రెస్ రోజూ ఉన్నది, వరంగల్‌లో దిగితే ఇంటికి పోయినట్టే. ఇల్లు విడగొట్టకుండ్రి, అందరు రండ్రి.

ఓరుగల్లు మాస్టారు
అమ్మా, మీ ఆయన చెప్పిన "రెండేళ్లు అక్కడ, ఇంటర్ ఇక్కడ" లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పాప మెడిసిన్ అంటోంది కాబట్టే చెబుతున్నా.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 33 ఇచ్చింది. మెడికల్, డెంటల్ సీట్లలో లోకల్ కోటా కింద రావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలి. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. దాని మీద హైకోర్టులో కేసులు పడ్డాయి, కొంత ఊరట వచ్చింది. కానీ 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే నిలబెట్టింది. సర్కారు కొలువు మీద బయట పనిచేసినవాళ్ల పిల్లలకు కొన్ని మినహాయింపులున్నాయి. ప్రైవేటు మిల్లులో పనిచేసేవాళ్లకు లేదు.

9, 10 సూరత్‌లో చదివి ఇంటర్‌కి వస్తే నాలుగేళ్లలో రెండేళ్లు తెగిపోతాయి. పుట్టింది సిరిసిల్లలో, ఎనిమిది దాకా చదివింది సిరిసిల్లలో అన్నా లోకల్ కాదు. చాలామంది ఇంకా ఇంటర్ ఇక్కడ చదివితే చాలనే అనుకుంటున్నారు. మీ పాప సరిగ్గా ఆ గీత మీద నిలబడి ఉంది. ఆ జీవో రాకముందు అడిగి ఉంటే "వెళ్లిరండి" అనేవాణ్ణి.

హైటెక్ బాటసారి
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ ఎనిమిదో తరగతి పిల్ల "డాక్టర్ అవుతా" అన్నదని ఇల్లంతా నాలుగేళ్లు కాళ్లు కట్టేసుకుని కూర్చోవాలా? ఆ వయసులో నేను పైలట్ అవుతానన్నా. లోకల్ కోటా పోయినంత మాత్రాన మెడిసిన్ తలుపు మూసుకుపోదు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆల్ ఇండియా కోటా ఎక్కడ చదివినా ఉంటుంది. ఇంజినీరింగ్‌కి మారితే, తల్లిదండ్రుల్లో ఒకరు ఉద్యోగం కోసం బయట ఉన్న కాలం తీసేసి మొత్తం పదేళ్లు రాష్ట్రంలో ఉన్నారని చూపిస్తే అన్‌రిజర్వుడ్ 15 శాతంలో పోటీ పడొచ్చు. ఎన్ఐటీలకు 12వ తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే హోమ్ స్టేట్, సగం సీట్లు వాళ్లకే. ఇక్కడ చదివితే వరంగల్‌లో, అక్కడ చదివితే సూరత్‌లోనే ఉన్న ఎస్‌వీఎన్ఐటీలో. ఒకటి పోతే ఒకటి వస్తుంది.

ఓరుగల్లు మాస్టారు
ఇంజినీరింగ్‌కి మీ మాట ఒప్పుకుంటా. మెడిసిన్‌కి ఒప్పుకోను. ఆ 15 శాతానికి దేశమంతా పోటీ. మన రాష్ట్రంలో లోకల్‌గా సీటొచ్చే ర్యాంకుకు అక్కడ సర్కారు ఫీజుతో సీటు దొరకడం కష్టం. పైగా గుజరాత్‌కి వాళ్ల డొమిసైల్ నిబంధనలు వాళ్లకున్నాయి, నాలుగేళ్లున్నంత మాత్రాన అక్కడి పిల్ల అయిపోదు. ఇక్కడా కాదు, అక్కడా కాదు.

ఇంకోటి. పద్మశాలీలు ఇక్కడ బీసీ-బి. ఆ రిజర్వేషన్ గుజరాత్ రాష్ట్ర కోటాలో చెల్లదు. వలస వెళ్లినవాళ్లకు సొంత రాష్ట్రంలోనే లెక్క. కేంద్ర సంస్థలకు ఓబీసీ సర్టిఫికెట్ మాత్రం మన తహసీల్దారు ఇచ్చిందే పనికొస్తుంది. పాపకు లోకల్ పోతే ఇక్కడి రాష్ట్ర కోటా సీట్లలో బీసీ-బి వాటా కూడా దాంతోపాటే పోయినట్టు. జీతం రెట్టింపైందని సంబరపడి మేనేజ్‌మెంట్ కోటా ఫీజు కట్టుకోవడంలో అర్థం లేదు.

అంకలేశ్వర్ వదిన
మీరిద్దరూ సీట్లే మాట్లాడుతున్నారు. నేను ఇంటి సంగతి చెప్తా. మాది రాజమండ్రి, కెమికల్ ఫ్యాక్టరీ ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాం.

ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే బ్రోకర్ ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న జీతమెంతని కాదు, "వెజ్ హో యా నాన్‌వెజ్?" అని. నిజం చెబితే మంచి సొసైటీల్లో సగం అక్కడే అయిపోతాయి. అబద్ధం చెప్పి చేరితే ఆదివారం చేపల పులుసు పొంగిందంటే పక్కింటివాళ్ల ముఖం చూడాలి. మాకు మొదట దొరికిన ఫ్లాట్‌లో ఇంటావిడ నెలకోసారి వచ్చి ఫ్రిజ్ తెరిచేది. గుడ్లు బియ్యం డబ్బాలో దాచేదాన్ని! తర్వాత నాన్‌వెజ్ ఒప్పుకునే చోటికి మారాక ప్రాణం కుదుటపడింది. మనవాళ్లుండే పేటల్లో ఈ బాధ లేదు, కానీ అక్కడ సీబీఎస్ఈ బడి దగ్గరలో ఉండకపోవచ్చు. ముందు బడి చూసుకుని, తర్వాత ఆ చుట్టుపక్కల ఇల్లు చూసుకోండి. దళారికి ఒక నెల అద్దె, 11 నెలల అగ్రిమెంటు, పోలీస్ వెరిఫికేషన్ అన్నీ ఉంటాయి.

ఇక హోటల్లో పప్పు తియ్యగా ఉంటుంది. అలవాటవుతుందంటారు. నాకవలేదు.

ఆడబిడ్డా, మీ ఆయనొక్కరే వెళ్తే నాలుగేళ్లు. బాబు నాలుగు నుంచి ఎనిమిదికి వస్తాడు. ఆ వయసులో నాన్న ఇంట్లో లేకపోవడం చిన్న సంగతి కాదు. సీటు గురించి అందరూ చెప్తారు, ఇది ఎవరూ చెప్పరు.

కల్లు మండువ
అన్నీ చెప్పిండ్రు, అసలుది చెప్పలె. బావకు సాయంత్రం కల్లు అలవాటుంటే ముందే మాట్లాడుకోండ్రి. గుజరాత్‌ల 1960 కాన్నుంచే మద్యనిషేధం. అక్కడ ఉండేటోళ్లకు డాక్టర్ రాసిస్తే హెల్త్ పర్మిట్, లేకుంటే ఏం లేదు. మావోడొకడు దమన్ దగ్గర్నే గదా అని పోయి తాగిండు, వచ్చేటప్పుడు బ్యాగుల సీసా పెట్టుకొచ్చిండు. చెక్‌పోస్టుల పట్టుకున్నరు. 2017ల సవరించిన చట్టం ప్రకారం తయారీ, అమ్మకం, రవాణాకు పదేండ్ల దాకా జైలు. నవ్వులాటగా చెప్తున్న గానీ ఆడ పోలీసోళ్లు నవ్వరు.

సిరిసిల్ల ఆడబిడ్డ
ఆయన తాగరు అన్నా, ఆ ఒక్క విషయంలో అదృష్టవంతురాల్ని 😀

మాస్టారూ, మీరు చెప్పింది చదివి ఆయనకు చూపించిన. చాలాసేపు మాట్లాడలేదు. పాపను ఇక్కడ హాస్టల్‌లో వేసి మేం పోతే? లేదా అత్తమ్మ, పాప ఇక్కడుండి, నేను బాబుతో పోతే?

హైటెక్ బాటసారి
పాపను ఎవరైనా అడిగారా అసలు?

లింబాయత్ మగ్గం
తొమ్మిదో తరగతి ఆడపిల్లను హాస్టల్‌ల వేసుడు నాకు మనసొప్పదు అక్కా. అత్తమ్మ దగ్గర ఉంటే వేరే ముచ్చట.

చెరువుగట్టు లెక్చరర్
అత్తమ్మ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తా. ఆమెను సూరత్ తీసుకెళ్లాలంటే లెక్క వేరే.

ఆరోగ్యశ్రీ మన రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులకే. 10 లక్షల దాకా ఉన్నా సూరత్‌లో రాత్రిపూట గుండె నొప్పి వస్తే పనికిరాదు. చేయూత పింఛను 2,016 నెలనెలా మనిషి స్వయంగా వెళ్లి తీసుకోవాలి. వరుసగా కొన్ని నెలలు పడకపోతే ఆపేస్తారు. మళ్లీ తెరిపించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. రేషన్ కార్డు 'వన్ నేషన్ వన్ రేషన్ కార్డు' కింద అక్కడా పనిచేస్తుంది, కానీ వచ్చేది కేంద్రం వాటా. ఇక్కడి సన్నబియ్యం అక్కడి డీలర్ దగ్గర అడిగితే మన ముఖం చూస్తాడు.

నా లెక్కలో అత్తమ్మ కదలకపోవడమే మంచిది. పాప ఆమె దగ్గర ఉంటే ఇద్దరికీ తోడు. కానీ అరవై దాటిన మనిషి మీద పదో తరగతి, నీట్ కోచింగ్ పిల్లను వదలడం ఎంత భారమో కూడా ఆలోచించాలి. పొద్దున ఐదింటికి లేపేది ఎవరు, జ్వరమొస్తే కాలేజీకి ఫోన్ చేసేది ఎవరు?

అంకలేశ్వర్ వదిన
బాబు విషయం కూడా. 2023 చట్టం ప్రకారం గుజరాత్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏ బోర్డు బడిలోనైనా గుజరాతీ నేర్పాల్సిందే. మా వాడు మొదటి ఏడాది ఏడ్చాడు, ఇప్పుడు కూరగాయలమ్మితో బేరమాడేది వాడే. అసలు చిక్కు తిరిగొచ్చాక. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం పది దాకా తెలుగు తప్పనిసరి. నాలుగైదేళ్లు తెలుగు రాయని పిల్లాడు ఏడులోకో ఎనిమిదిలోకో వచ్చి పద్యం చదవమంటే బిక్కముఖం వేస్తాడు. వెళ్తే ఇంట్లో రోజూ అరపేజీ తెలుగు రాయించండి, మర్చిపోవద్దు.

లింబాయత్ మగ్గం
ఇల్లు తీసుకునేటప్పుడు ఇంకొకటి చూడుండ్రి. 2006 ఆగస్టుల ఉకాయ్ డ్యాం నుంచి నీళ్లు వదిలితే తాపీ పొంగి ఊరు మునిగింది. అడాజన్, రాందేర్ దిక్కు ఇప్పటికీ ముసలోళ్లు గోడమీద నీళ్లు ఎంత దాకా వచ్చినయో చూపిస్తరు. మా దిక్కు తాపీ కంటే ఖాడీల బాధ ఎక్కువ. ఖాడీ అంటే ఊరి నడుమ పారే పెద్ద కాల్వ. వానకాలం పొంగితే మా గల్లీలకు మోకాలు దాకా వస్తది. గ్రౌండ్ ఫ్లోర్ అద్దె ఎందుకు తక్కువో బ్రోకర్ చెప్పడు, పక్క కిరాణం సేటును అడుగుండ్రి.

అట్లని సూరత్ మురికి ఊరనుకోకండ్రి. 1994ల ప్లేగు వచ్చినప్పుడు జనం పారిపోయిన ఊరు ఇది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌ల ఇండోర్‌తో కలిసి మొదటి స్థానంల నిలిచింది.

కల్లు మండువ
బండి తీసుకపోతే ఇక్కడి ఆర్టీఏ ఆఫీసుల ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) తీసుకోండ్రి. 12 నెలలు దాటితే అక్కడి నంబరు చేయించాలె, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలె. ఇక్కడ కట్టిన దాంట్ల మిగిలింది వాపసు అడగొచ్చు, వచ్చేసరికి మనవలు పుడతరు. పాత స్ప్లెండర్ అయితే ఇక్కడ్నే అమ్ముండ్రి.

సిరిసిల్ల ఆడబిడ్డ
పాపను అడిగిన. "నాకు ఇక్కడే ఉండాలని ఉంది, కానీ నాన్న లేకుండా వద్దు" అన్నది. ఇగ ఏం చెప్పాలి.

నిన్న రాత్రి ముగ్గురం కూర్చుని అనుకున్నది ఇది. ఆయన జూన్‌లో ఒక్కరే పోతారు. పాప ఇక్కడే తొమ్మిదిలో చేరుతుంది. దసరా దాకా మిల్లు ఎట్లుంది, జీతం చెప్పినట్టు వేస్తున్నారా, పీఎఫ్ కడుతున్నారా చూసుకుంటం. బాగుంటే నేను, బాబు వచ్చే ఏడాది పోవాలా వద్దా అన్నది అప్పుడు. అత్తమ్మ అయితే నేను కదలనని ఖరాకండిగా చెప్పింది.

హైటెక్ బాటసారి
నాకింకా ఇది సరైన బేరం అనిపించట్లేదు. రాని సీటు కోసం ఉన్న ఇంటిని రెండు చేస్తున్నారు. మీ ఇష్టం.

ఓరుగల్లు మాస్టారు
రాదని మీరెట్లా చెప్తారు? పిల్ల ఇంకా తొమ్మిదిలోకి రాలేదు.

అమ్మా, ఏ నిర్ణయమైనా ఈ పనులు చేసి పెట్టుకోండి. ఆరు నుంచి ఎనిమిది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి. ఆ బడి రేపు మూతపడితే దొరకవు. బీసీ-బి సర్టిఫికెట్, సెంట్రల్ ఓబీసీ సర్టిఫికెట్ రెండూ పాప పేరు మీద చేయించండి. బాబును తీసుకెళ్లేటట్టయితే స్టేట్ బోర్డు టీసీ మీద డీఈవో కౌంటర్ సంతకం పెట్టించుకోండి. అది లేక అక్కడి బడివాళ్లు వెనక్కి పంపిన కేసులు నా దగ్గరికే వచ్చాయి. పాప విషయంలో మనసు మారి తీసుకెళ్లాలనుకున్నా ఇప్పుడే, తొమ్మిది మొదట్లోనే. పది మధ్యలో బోర్డు మార్చడం పెద్ద తలనొప్పి.

లింబాయత్ మగ్గం
బావ నంబరు నాకు ప్రైవేటు మెసేజ్‌ల పంపు అక్కా. పాండేసరాల మెస్సు, రూము నేను చూసిపెడ్త. నవజీవన్‌కు టికెట్ ముందే చేయించుండ్రి, ఎండకాలం సెలవులకు వెయిటింగ్ ఉంటది. ఆ మిల్లు పేరు కూడా చెప్పు. జీతాలు టైముకు ఇస్తరో లేదో మా వాళ్లను అడిగి చెప్త.