అప్‌డేట్: కమిట్ యాక్సెస్ గొడవ తేలింది

ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నావి ముప్పై ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) మెర్జ్ అయినా, కోడ్‌ని నేరుగా మార్చే హక్కు, అంటే కమిట్ యాక్సెస్, ఇవ్వలేదని, నా తర్వాత వచ్చినతనికి ఇచ్చారని, ఇది పక్షపాతమేనా అని మార్చిలో అడిగాను కదా. ‘ఏం చూసి ఇస్తారో ప్రాజెక్టు నడిపే మెయింటెయినర్‌నే అడుగు’ అన్న సలహా పనిచేసింది. చెప్పినవాళ్లకు థాంక్స్.

వాళ్లు చూసేది ప్యాచ్‌ల లెక్క కాదట, ఇతరుల కోడ్‌కి చేసిన రివ్యూలు. నావి రెండే, అందులో ఒకటి ఉత్త ‘బాగుంది’. అతనివి నలభై దాకా ఉన్నాయి! పైగా 2024లో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ టూల్‌లో, రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసిన మనిషే బ్యాక్‌డోర్ (దొంగచాటుగా చొరబడే దారి) పెట్టాక భయం పట్టుకుందన్నారు.

ముందు, ప్రాజెక్టు కోడ్ ఉండే గిట్‌హబ్ సైట్‌లో ట్రయాజ్ రోల్ ఇచ్చారు. ఇష్యూలకు లేబుల్ పెట్టొచ్చు, మూసేయొచ్చు, కోడ్ మాత్రం పుష్ చేయలేం. మొన్న రైట్ (write) యాక్సెస్, అంటే నేనడిగిన కమిట్ యాక్సెస్ కూడా వచ్చింది. అతని కంపెనీ పలుకుబడి వల్లే అతనికి ఇచ్చారని నేను అనుమానించడం అనవసరం.

అయితే ఆ రివ్యూల నియమం ఎక్కడా రాసి లేదు, ఆ తప్పు మాత్రం వాళ్లదే. రైట్ యాక్సెస్‌తో నా మొదటి కమిట్ అదే: కోడ్ పంపేవాళ్లకు సూచనలుండే కంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో ఆ నియమం గురించి నాలుగు లైన్లు.