అప్‌డేట్: ఉద్యోగం మానేసి ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం

కావలిలో షాపు లెక్కలు రాసే పని మానేసి, ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముకోవడం నాకు సరిపడుతుందా అని ఆరు నెలల కింద అడిగాను. ‘మానకుండానే మూడు నెలలు చేసి చూడమ్మా’ అన్నవాళ్లకి చేతులెత్తి దండం.

పచ్చడి కలపడం కష్టం కాలేదు. డబ్బులడగడమే కష్టమైంది. ‘మనవాళ్లమే కదా, నెలాఖరుకి ఇస్తాంలే’ అంటే నాకు నోరు పెగిలేది కాదు. ఇప్పుడు డబ్బు చేతికొచ్చాకే సీసా ఇస్తున్నా. పిన్ని అలిగింది, మళ్లీ తనే వచ్చి మామిడికాయ పచ్చడి రెండు కిలోలు పట్టుకెళ్లింది.

తినే వస్తువులు అమ్మేవాళ్లకి ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు కట్టి తీసుకున్నా. ఉద్యమ్ నమోదు (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) ఉచితం, మధ్యలో ఎవరికీ పైసా ఇవ్వకండి.

వచ్చే నెల నుంచి షాపుకి ఒంటిపూటే. పూర్తిగా మానేది సంక్రాంతి అమ్మకాలు చూశాకే.