క్లస్టర్‌లో ఎంటీఎల్ఎస్ (సర్వీసులు ఒకదానికొకటి సర్టిఫికెట్ చూపించుకుని మాట్లాడే పద్ధతి) పెట్టాక కరెంటు పోయి వస్తే సర్వీసులు కలవట్లేదు, మీకూ ఇలా అయ్యిందా?

భీమవరం_గట్టు
మాది రొయ్యల చెరువుల సెన్సర్ల పని అండి. ఆఫీసులో మూడు సర్వర్లు, వాటి మీద చిన్న కుబెర్నెటీస్ క్లస్టర్, అంటే మూడూ కలిసి ఒకటిగా సర్వీసులు నడిపే ఏర్పాటు. చెరువులో ఆక్సిజన్ తగ్గితే రీడింగ్ సర్వీసు అలర్ట్ సర్వీసుకు చెప్తుంది, అది రైతుకు ఫోన్ కొడుతుంది. పోయిన నెల ఎంటీఎల్ఎస్ కోసం ఇస్టియో అనే మెష్ (సర్వీసుల మధ్య మాటల్ని చూసుకునే సాఫ్ట్‌వేర్) వేసి నేరుగా స్ట్రిక్ట్ మోడ్‌కి, అంటే సర్టిఫికెట్ లేనిదాన్ని ఒప్పుకోని పద్ధతికి, మార్చేశాను. మొన్న రాత్రి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా దిగిపోయి, మూడింటికి సర్వర్లు మళ్ళీ లేచాయి గానీ ఫోన్లు మాత్రం వెళ్ళలేదు, లాగ్ నిండా సర్టిఫికెట్ గడువు తీరింది లేదా ఇంకా మొదలవలేదు అన్న ఒకటే మాట. కాపలా మనిషి టార్చి వేసి గట్టు వారకు చేరిన రొయ్యల్ని చూసి ఏరియేటర్లు ఆన్ చేశాడు కాబట్టి సరిపోయింది. చేతులు వణికిపోయాయి నాకు.

అమలాపురం_అడ్మిన్
ముందు మూడు నోడ్లలోనూ, అంటే సర్వర్లలోనూ, తేదీ చూడండి. వేరేది ఏదీ ముట్టుకోకండి.

భీమవరం_గట్టు
రెండు బాగానే ఉన్నాయండి. మూడోది 2019 జనవరి చూపిస్తోంది! అలర్ట్ సర్వీసు ఉన్నది అందులోనే. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే మదర్‌బోర్డు మీది బటన్ సెల్ తీసి మీటర్ పెడితే 3 వోల్టులు ఉండాల్సింది ఒకటిన్నర కూడా లేదు.

అమలాపురం_అడ్మిన్
అదే మరి. ఇస్టియో ఒక్కో పాడ్‌కి (క్లస్టర్‌లో నడిచే ఒక్కో సర్వీసు కాపీకి) ఇచ్చే సర్టిఫికెట్ మామూలుగా 24 గంటలదే. గడియారం 2019లో ఉంటే, అవతలివాళ్ళు చూపించే సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు, అందుకే తలుపు తీయదు. రూటర్ లేచేలోపే సర్వర్ లేస్తే ఎన్‌టీపీ (నెట్ నుంచి సరైన టైమ్ తెచ్చేది) కూడా అందదు. సెల్ మార్చండి, టైమ్ సరిచేసే క్రోనీలో మేక్‌స్టెప్ (పెద్ద తేడానైనా ఒక్కసారిగా దిద్దే సెట్టింగ్) ఉందో లేదో చూడండి, టైమ్ కలిశాకే క్లస్టర్ మొదలయ్యేలా సిస్టమ్‌డీలో (సర్వర్ లేచేటప్పుడు ఏది ముందు మొదలవాలో చూసేది) కట్టండి. ఈ మూడో పని చాలామంది వదిలేస్తారు, నేనూ ఒకప్పుడు వదిలేసి రాత్రంతా కూర్చున్నాను.

కాకినాడ_నోడ్
స్ట్రిక్ట్‌కి వెళ్ళేముందు కొన్నాళ్ళు పర్మిసివ్‌లో (సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా ఒప్పుకునే మోడ్) ఉంచాలండి, అప్పుడు ఏ సర్వీసు ఇంకా మామూలు హెచ్‌టీటీపీలో మాట్లాడుతోందో తెలుస్తుంది. మాది లింకర్డీ, ఇస్టియో లాంటి ఇంకో మెష్. కమాండుతో ఇన్‌స్టాల్ చేస్తే అదే తయారుచేసుకునే ఇష్యూయర్ సర్టిఫికెట్ (పాడ్ల సర్టిఫికెట్లకి సంతకం పెట్టేది) గడువు ఏడాదే, అది మేం మర్చిపోయాం. గడువు తీరాక అన్నీ ఒకేసారి పడిపోవు, పాడ్ల సర్టిఫికెట్లు తీరేకొద్దీ ఒక్కొక్కటీ రాలిపోతాయి, అందుకే నెట్‌వర్క్ తప్పనుకుని ఒక పూటంతా కేబుళ్ళు మార్చాం. లింకర్డీ చెక్ అనే కమాండు కొడితే 60 రోజుల ముందు నుంచే హెచ్చరిస్తుంది, దాన్ని రోజూ నడిపించండి.

పాలకొల్లు_కాలవ
మూడు నోడ్లకి మెష్ అవసరమా? కే3ఎస్ (చిన్న కుబెర్నెటీస్) అయితే దాని నెట్‌వర్క్ భాగం ఫ్లానెల్‌లో వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే నోడ్ల మధ్య దారి గుట్టుగా ఉంటుంది కదా.

తణుకు_మిల్లు
దారి గుట్టుగా ఉంటుంది గానీ వచ్చినది ఏ సర్వీసో అది చెప్పదండి. ఎంటీఎల్ఎస్‌ది అదే లాభం. అయితే మా పాడ్లన్నీ డిఫాల్ట్ సర్వీస్ అకౌంట్‌తోనే (సర్టిఫికెట్‌లో పాడ్ పేరుగా పడేది ఇదే) నడిచేవి, అందరిదీ ఒకటే పేరు, కాటా సర్వీసు బిల్లుల డేటాబేస్‌ని అడిగినా సరేననేది. సర్వీసుకో అకౌంట్ ఇచ్చి, ఎవరు ఎవరిని పిలవచ్చో ఆథరైజేషన్ పాలసీ రాశాకే నాకు నిద్ర పట్టింది.

భీమవరం_గట్టు
సెల్ మార్చి, మెయిన్ ఆపి రెండుసార్లు పరీక్షించాను, రెండుసార్లూ ఫోన్ మోగింది. అందరికీ చాలా థాంక్సండి. ప్రస్తుతం పర్మిసివ్‌కి దించాను. అకౌంట్లు విడదీశాక మళ్ళీ స్ట్రిక్ట్ పెడతాను. ఈలోగా నోడ్ గడియారం రెండు సెకన్లు తప్పినా నాకే ముందు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాను.