కాలిన గాయాలకు వీడియో వైద్యం: మళ్లీ లాక్‌డౌన్ వస్తే ఎంతవరకు నమ్మొచ్చు?

పీహెచ్‌సీ డాక్టర్, దేవరకొండ వైపు:
2020లో బస్సులు బందయ్యాయి, గాంధీ ఆస్పత్రిని కొవిడ్‌కే కేటాయించారు. మార్చి 25న టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాలూ వచ్చాయి. పెద్దవాళ్లకు ఒంట్లో పది శాతం లోపు పైపైన కాలితే, డ్రెస్సింగ్ కోసం వంద కిలోమీటర్లు పట్నం తిప్పడం దేనికి? వార్డులో కొవిడ్ అంటుకుంటే అసలుకే మోసం. మళ్లీ అలాంటి రోజులొస్తే మొదటి చూపు నుంచీ వీడియోలోనే చూడాలంటాను.

బర్న్స్ నర్సు, నల్గొండ:
డ్రెస్సింగులకు సరే సార్, మొదటి చూపు మాత్రం వద్దు. లోతు తెలియాలంటే వేలితో నొక్కాలి. తెల్లబడి వెంటనే ఎర్రబడితే పైపొర, రంగు మారకుంటే లోతు గాయం. ఫొటోను నొక్కలేం కదా. పైగా మొదటిరోజు గులాబీగా ఉన్నది మూడోరోజుకు తెల్లగా పాలిపోవచ్చు. కరెంటు గాయం ఇంకా ప్రమాదం. బోరు స్టార్టర్ దగ్గర షాక్ కొడితే అరచేతిలో రూపాయి బిళ్లంత నల్లమచ్చే కనబడుతుంది, లోపల కండ కాలిపోయి ఉంటుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తుంటే కిడ్నీలకు ముప్పు. వెంటనే సెలైన్, ఈసీజీ కావాలి. అక్కడ కాల్ కలిసేదాకా ఆగకూడదు.

ఏఎన్‌ఎం, అచ్చంపేట:
సగం తప్పులు ఫొటోలోనే జరుగుతాయి మేడమ్. పసుపు, పేస్టు, సిరా పూసి పంపుతారు. తెల్ల సిల్వర్ క్రీము రాసినా పైన పొర కట్టి లోతు గాయంలా కనిపిస్తుంది. కాలిన మూడు గంటల లోపైతే ముందు 20 నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టించాలి, ఐస్ వద్దు. క్రీము రాయకముందే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా రెండు ఫొటోలు తీయాలి: ఏ అవయవమో తెలిసేలా దూరంగా ఒకటి, దగ్గరగా ఒకటి. పక్కన రోగి అరచెయ్యి పెట్టించండి. వేళ్లతో కలిపి అది దాదాపు ఒక శాతం. బొబ్బ లేవకుండా ఉత్త ఎర్రబడిన చర్మాన్ని లెక్కలో వేయొద్దు. శాతం ఉబ్బిపోయి సెలైన్ అతిగా ఎక్కిస్తారు.

పీహెచ్‌సీ డాక్టర్, దేవరకొండ వైపు:
మొదటి చూపు మాట వెనక్కి తీసుకుంటున్నా. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు, అవయవం చుట్టూరా కాలినది, పొగ పీల్చినవాళ్లు, కరెంటు... ఇవన్నీ లాక్‌డౌన్ అయినా 108 ఎక్కాల్సిందే. మానుతున్న గాయాలకు మాత్రం వీడియోనే మేలు.

ఫిజియోథెరపిస్ట్, మహబూబ్‌నగర్:
ఔను, కానీ వీడియోలోనూ మోసపోతాం. చంక కాలినవాళ్లు చెయ్యి లేపమంటే నడుము పక్కకు వంచి లేపినట్టు చూపిస్తారు. వీపు, పిరుదులు గోడకు ఆనించి నిలబెట్టి, ఫోన్ ఎదురుగా ఛాతీ ఎత్తులో పెట్టించాలి. మోచేతికైతే ఫోన్ పక్క నుంచి ఉండాలి. వ్యాయామానికి అరగంట ముందు పారాసిటమాల్ వేసుకోమనండి, నొప్పికి భయపడి మడిచిపెట్టుకున్న చెయ్యి అట్లాగే బిగుసుకుపోతుంది. ఇంకొకటి, మూడు వారాలకూ మానని గాయానికి చర్మం అతకాల్సి రావచ్చు. 21వ రోజు ఏ తేదీయో మొదటి కాల్‌లోనే చీటీ మీద రాయించండి, ఆ రోజుకు మానకపోతే వీడియో ఆపి సర్జన్ దగ్గరికి పంపండి.