ఆస్టరాయిడ్‌కి "అపోఫిస్" లాంటి ప్రళయ సర్పం పేరు పెట్టడం అవసరమా?

నింగిచూపు:
ఫ్యామిలీ గ్రూప్‌లో మళ్ళీ ఆ వీడియోనే వచ్చింది, "2029 ఏప్రిల్ 13 శుక్రవారం భూమిని మింగడానికి వస్తున్న మృత్యుసర్పం" అని, థంబ్‌నెయిల్‌లో మంటల మధ్య చార్మినార్. అందరూ యూట్యూబోళ్ళనే తిడతారు గానీ నేను మాత్రం తప్పంతా ఆ పేరు పెట్టిన సైంటిస్టులదే అంటాను. అపోఫిస్ అంటే ఈజిప్టు పురాణాల్లోని అపెప్, గ్రీకు వాళ్ళ నోట్లో పడి అలా అయింది. సూర్యదేవుడు రా రాత్రంతా పడవలో పాతాళం గుండా పోతుంటే దారిలో కాపు కాసి మింగేయాలని చూసే చీకటి పాము. 2004 డిసెంబర్‌లో ఈ రాయి గుద్దే ఛాన్స్ 2.7 శాతం దాకా పోయింది, నిజమే, కానీ ఆ నెల దాటకుండానే అంతకుముందు మార్చిలో తీసిన ఫొటోల్లో ఇది దొరికి 2029 గండం తప్పిందని తేల్చేశారు. ఆ తర్వాత 2005లో తీరిగ్గా కూర్చుని ఈ పేరు పెట్టారు! భూమికి దగ్గరగా తిరిగే రాళ్ళకి ఇలాంటి సర్పాల పేర్లు, డ్రాగన్ పేర్లు పెట్టకూడదని నా వాదన. కాదనేవాళ్ళు రండి.

కక్ష్యారావు:
కాదంటాను బ్రో. 2029 గండం తప్పింది గానీ 2005 నాటికి 2036 డౌట్ అలాగే ఉంది, అది తేలేసరికి 2013 వచ్చింది. 2068 కూడా కొట్టేసి ఇంకో వందేళ్ళ దాకా భయం లేదని నాసా చెప్పింది 2021లో, రాడార్‌తో కొలిచాక. అంటే పేరు పెట్టేటప్పటికి అనుమానం ఉంది. ఇంకోటి, ఇలా దగ్గరగా తిరిగే వాటికి పురాణాల్లోంచి పేర్లు తీసుకోవడం ఖగోళ శాస్త్రంలో పాత ఆనవాయితీ, ఇది ఆటెన్ గుంపు రాయి (భూమి కంటే చిన్న కక్ష్యలో సూర్యుడి చుట్టూ తిరిగే గుంపు), ఆటెన్ అనేదే ఈజిప్టు సూర్యుడి పేరు, కాబట్టి ఈజిప్టు పేరే వెతుక్కున్నారు. పైగా కనిపెట్టిన ముగ్గురిలో టక్కర్, థోలెన్ ఇద్దరూ స్టార్‌గేట్ అనే టీవీ సిరీస్ ఫ్యాన్స్, అందులో విలన్ పేరు అపోఫిస్. పురాణం సగం, టీవీ సగం అన్నమాట.

నింగిచూపు:
చూశారా, మీరే ఒప్పుకుంటున్నారు, టీవీ విలన్ పేరట! కోట్లమంది నోట్లో నానే పేరు అది, ఫ్యాన్ క్లబ్ పేరు కాదు.

అనకాపల్లి_అమ్మాయి:
నింగిచూపు గారితో నేను సగం కలుస్తా. బెన్ను అని ఇంకో ఆస్టరాయిడ్ ఉంది కదా, దాదాపు 490 మీటర్లు, అపోఫిస్ కంటే పెద్దది. నాసా లెక్కలో అది 2182 సెప్టెంబర్‌లో గుద్దే ఛాన్స్ 2700లో 1 వంతు. చిన్నదే, కానీ సున్నా కాదు. అపోఫిస్‌కి వందేళ్ళ దాకా అసలేం లేదు. మరి బెన్ను గురించి ఎవరింట్లోనైనా భయపడ్డారా? బెన్ను అంటే ఈజిప్టు కథల్లో కొంగలాంటి పక్షి, పోటీ పెడితే ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడు పంపిన పేరు. నిజంగా కాస్త రిస్క్ ఉన్నదానికి పక్షి పేరు, రిస్క్ లేనిదానికి పాము పేరు, ఇక జనం దేన్ని పట్టుకుంటారు చెప్పండి. కామెడీ ఏంటంటే 2023లో బెన్ను మట్టి తెచ్చి ఇచ్చిన ఆ అంతరిక్ష నౌకనే ఇప్పుడు అపోఫిస్ దగ్గరికి పంపుతున్నారు.

గట్లనే_ఉంటది:
అక్కా మంచిగ చెప్పినవ్ గని గా 2024 వైఆర్4 అనే రాయి ముచ్చట మర్చిపోయినవ్. 2025 ఫిబ్రవరిల దాని ఛాన్స్ 3.1 శాతం దాకా పోయింది, అపోఫిస్ రికార్డు కూడ దాటింది. దానికి పేరే లేదు, ఉత్త నంబరు. అయినా గా వారమంతా టీవీల గదే లొల్లి, మా ఆఫీసుల టీ కాడ కూడ గదే. మల్ల లెక్కలు సరిజేస్తే ఛాన్స్ పడిపోయింది, గాయబ్. పామూ లేదు డ్రాగనూ లేదు, మరి భయం ఏడికెళ్ళి వచ్చింది? శాతం జూసి వచ్చింది. పేరుదేం లేదు ఇండ్ల.

అనకాపల్లి_అమ్మాయి:
తమ్ముడూ, మంచి పాయింటే. కానీ ఆ భయం రెండు మూడు వారాల్లో పోయింది, అపోఫిస్‌ది ఇరవై ఏళ్ళయినా పోలేదు. ఆ తేడా ఎక్కడ్నుంచి వచ్చిందంటావ్?

గట్లనే_ఉంటది:
శుక్రవారం 13 తారీఖుకెళ్ళి 😀 ఇంకోటి, అది నిజంగనే దగ్గరికెళ్ళి పోతది కద, భూమికి 32 వేల కిలోమీటర్ల దూరం, టీవీ శాటిలైట్లు 36 వేల మీద తిరుగుతయి, వాటి లోపలికెళ్ళి పోతది. ఏ పేరు పెట్టినా గీ వార్త వార్తే.

పురాణాల_పద్మ:
అందరూ పాము పాము అంటున్నారు గానీ ఆ పాము కథ పూర్తిగా ఎవరూ చెప్పట్లేదు. అపెప్ ప్రతి రాత్రీ వస్తుంది, పడవ ముందు నిలబడ్డ సెత్ దేవుడు ఈటెతో పొడుస్తాడు, తెల్లారి సూర్యుడు వస్తాడు. ఏ తెల్లారీ అది గెలవదు, అదే ఆ కథకి ప్రాణం. గుళ్ళో పూజారులు మైనంతో అపెప్ బొమ్మ చేసి, పేరు రాసి, ఉమ్మేసి, ఎడమకాలితో తొక్కి, కత్తితో కోసి నిప్పులో వేసేవాళ్ళు, దానికోసం ప్రత్యేకంగా మంత్రాల పుస్తకమే ఉండేది. అంటే ఆ పేరు పలికిందే ఓడించడానికి. మన వృత్రుడి కథ కూడా ఈ జాతిదే, నీళ్ళు కట్టేసి కూర్చున్న పాము, ఇంద్రుడు వజ్రంతో కొడితే నదులు పారాయి. వచ్చింది, తప్పిపోయింది అనే రాయికి ఇంతకంటే సరైన పేరు నాకైతే తట్టట్లేదు. తప్పు సగం కథ చెప్పేవాళ్ళది.

ఇక ఆకాశంలో డ్రాగన్ పేర్లు వద్దంటే చాలా చెరిపేయాలి. డ్రాకో అని ఒక నక్షత్రమండలమే ఉంది, అందులో థుబాన్ అంటే అరబ్బీలో పాము, పిరమిడ్లు కట్టే రోజుల్లో ధ్రువ నక్షత్రం అదే. 42 డ్రాకోనిస్ అనే నక్షత్రానికి 2015లో ఓటింగ్ పెట్టి ఫాఫ్నిర్ అన్నారు, బంగారం మీద ఆశతో డ్రాగన్‌గా మారిపోయిన మరుగుజ్జు పేరు. ఎవరికీ నిద్ర పట్టకుండా పోలేదు.

కక్ష్యారావు:
పద్మగారూ సూపర్. ఒక ముక్క కలుపుతా. 2029లో భూమి లాగిన లాగుడికి అపోఫిస్ కక్ష్య పెద్దదైపోయి ఆటెన్ గుంపులోంచి అపోలో గుంపులోకి (భూమి కంటే పెద్ద కక్ష్య ఉన్నవి) మారిపోతుంది. గ్రీకు కథల్లో పైథాన్ అనే మహాసర్పాన్ని చంపింది అపోలోనే. ఎవరూ ప్లాన్ చేసింది కాదు, కాకతాళీయం, కానీ నాకు భలే నచ్చుతుంది.

నింగిచూపు:
పద్మగారూ, సెత్ ఈటె కథ తెలిసింది మీలాంటి నూటికొక్కరికి. మిగతావాళ్ళకి చేరేది పాము ఒక్కటే. ఫాఫ్నిర్ ఎక్కడో కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అది ఇక్కడ లెక్కలోకి రాదు. మన దగ్గర రాహుకేతువుల్నే చూడండి. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు చోట్లు అవి, యూరప్ వాళ్ళు వాటినే డ్రాగన్ తల, డ్రాగన్ తోక అన్నారు. గ్రహణాల లెక్కలో ఇప్పటికీ 27.2 రోజుల డ్రాకోనిక్ నెల అని వాడతారు. ఆ బిందువులకి పేరూ తలకాయా పెట్టాక ఎంతమంది రాహుకాలం చూసి ఇంటర్వ్యూ టైమ్ మార్చుకుంటున్నారు? గ్రహణం రోజు శ్రీకాళహస్తిలో రద్దీ ఎంత? గణితంలో బిందువుకి అంత పవర్ ఇచ్చింది పేరు కాక ఇంకేంటి.

డ్రాగన్ పేరే కావాలంటే జపాన్ వాళ్ళని చూసి నేర్చుకోండి. ఒక ఆస్టరాయిడ్‌కి ర్యుగు అని పెట్టారు, సముద్రం అడుగున డ్రాగన్ రాజు కోట. ఒక జాలరి ఆ కోటకెళ్ళి పెట్టె తెచ్చుకుంటాడు కథలో. ఆ రాయి దగ్గరికెళ్ళిన జపాన్ నౌక హయబుసా2 కూడా 2020 డిసెంబర్‌లో పెట్టెలో 5.4 గ్రాముల మట్టి తెచ్చింది. అదీ దగ్గరగా తిరిగే రాయే, దాని పేరు చూసి ఎవరూ జడుసుకోలేదు.

గట్లనే_ఉంటది:
అన్నా, మొదలు డ్రాగన్ పేర్లే వద్దన్నవ్, ఇప్పుడు మంచి డ్రాగన్ అయితే ఓకే అంటున్నవ్ 😀 ఏది ఫైనల్?

నింగిచూపు:
మింగే డ్రాగన్ వద్దు, ఇచ్చే డ్రాగన్ ఓకే. ఇదే ఫైనల్, మార్చను.

పురాణాల_పద్మ:
ఆ కోట నుంచి తెచ్చిన పెట్టె తెరవగానే ఆ జాలరి ఒక్కసారిగా ముసలాడైపోతాడు నింగిచూపు గారూ. ఆ ముక్క యూట్యూబోళ్ళకి ఇంకా తెలీదు, చెప్పకండి.

షార్జా_శీను:
పేరు సంగతి మీరు తేల్చుకోండి గానీ, ఆ రాత్రి యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వాళ్ళకి ఉత్త కంటికే కదిలే చుక్కలా కనిపిస్తుందంట, అంటే గల్ఫ్‌లో ఉన్న మాకూ ఛాన్స్ ఉంది. మా రూమ్‌లో నలుగురం ఊరి లైట్లు లేని ఎడారి వైపు పోదామని అనుకున్నాం. ఎటువైపు చూడాలో, బైనాక్యులర్ అవసరమో కాదో కక్ష్యారావు అన్న వేరే థ్రెడ్ తెరిచి చెప్తే బాగుంటుంది.