ఉప్పు పగులుద్ది, రాగి సాగుద్ది.. రెండిట్లోనూ పరమాణువుల్ని పట్టి ఉంచేది బాండ్లే కదా?

ఉప్పు రాయిని సుత్తితో కొడితే ముక్కలైపోతుంది, రాగి తీగని కొడితే సాగుద్ది తప్ప విరగదు. ఇంత తేడా ఎందుకండీ?

రిప్లై 1:
ఉప్పులో ఉన్నది అయానిక్ బాండ్ అండి. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది, దాంతో సోడియంకి ప్లస్ చార్జ్, క్లోరిన్‌కి మైనస్ చార్జ్ వస్తాయి, వాటి మధ్య లాగుడు మామూలుగా ఉండదు, కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. కానీ దెబ్బకి ఒక వరస కాస్త పక్కకి జరిగిందనుకోండి, ప్లస్ ఎదురుగా ప్లస్ వచ్చి పడుద్ది, ఇంకేముంది, ఒకదాన్నొకటి నెట్టేసుకుని అక్కడే పగులుద్ది. రాగిలో ఆ గొడవ లేదు, బయటి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకీ సొంతం కాకుండా లోహమంతా తిరుగుతుంటాయి కాబట్టి వరసలు జరిగినా పట్టు పోదు. కరెంటు పారేదీ వాటివల్లే.

రిప్లై 2:
మరి వజ్రం సంగతి?

రిప్లై 3:
అందులో ఎలక్ట్రాన్లు ఇచ్చుకోవడం లేదు, పంచుకోవడమే, అంటే కోవలెంట్. ప్రతి కార్బన్‌కీ చుట్టూ 4 కార్బన్లు, నాలుగు వైపులా బిగించేసి ఉంటాయి. అందుకే గీత పడదు, అలాగని సుత్తితో కొట్టేరు, అదీ పగులుద్ది 😄

రిప్లై 4:
ఇంకోటి, నీళ్ళు మరిగితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడిపోతాయని చాలామంది అనుకుంటారు, కాదు. తెగేది అణువుకీ అణువుకీ మధ్య ఉండే హైడ్రోజన్ బాండ్లు, అవి చాలా వీక్. ఆవిరి కూడా నీళ్ళే.